ఆవిడ పేరు చెప్పి కొన్న మాత్రలు

ట్రెవెలిన్ అనే ఊళ్ళో మాంసం కొట్టు ఎమ్లిన్‌కు బొజ్జ ఉండటం వింత కాదు, లేకపోతేనే వింత. బక్కచిక్కిన మనిషి అమ్మే సాసేజీలు ఎవడు కొంటాడు? వాళ్ళ నాన్నకూ బొజ్జే, తాతకూ బొజ్జే. కొట్టుతో పాటు బొజ్జ కూడా ఆ ఇంటికి వారసత్వంగా వస్తోందని ఊళ్ళో సరదాగా అనుకునేవారు. ఎమ్లిన్ కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. అరవై దాటేదాకా ఆ నవ్వులో కల్తీ లేదు.

కల్తీ కోటు దగ్గర మొదలైంది. ఊళ్ళో మగవాళ్ళ పాటల బృందం పెట్టి అరవై ఏళ్ళవుతోందని, ఆ వసంతంలో చాపెల్‌లో, అంటే ఊరి చర్చిలో, పెద్ద కచేరీ తలపెట్టారు. బృందానికి ముదురాకుపచ్చ కోట్లున్నాయి, జేబు మీద ఎర్ర డ్రాగన్ బొమ్మ కుట్టి. ఏళ్ళ తరబడి పెట్టెల్లో ఉన్నవి బయటికి తీసి అందరూ తొడిగి చూసుకుంటున్నారు. ఎమ్లిన్ కోటులో చేతులైతే దూరాయి గానీ, గుండీ కాజా ముఖం చూడనంది. మధ్యలో జానెడు తెల్ల చొక్కా కనబడుతోంది.

"ఒరేయ్, ఆ గుండీని బలవంతపెట్టకురా!" అన్నాడు ఇద్వల్. స్కూలు బస్సు నడుపుతాడు, ఎమ్లిన్‌తో కలిసి చదువుకున్నవాడు, నోటికి తాళం లేనివాడు. "అది తెగి ఎగిరిందంటే ముందు బల్లమీద కూచున్న పాస్టరు గారి కన్ను పోతుంది."

"కన్ను పోయినా ఫర్వాలేదు, నీ గొంతుకి చెవులు పోకుండా ఉంటే చాలు," అన్నాడు ఎమ్లిన్. అందరూ పగలబడి నవ్వారు.

అక్కడితో ఆగి ఉంటే బావుండేది. కానీ బృందాన్ని పాడించే హెవిన్ ఉన్నాడే, బడిలో సంగీతం చెప్పే కుర్రమేష్టారు, మహా మర్యాదస్తుడు. మర్యాదస్తులతోనే వచ్చింది చిక్కంతా. ఎమ్లిన్‌ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు.

"ఏమీ అనుకోకండి ఎమ్లిన్ గారూ. ఫొటోలు తీస్తారట. గుండీ పెట్టుకోలేనివాళ్ళు వెనక వరసలో నిలబడితే బావుంటుందని... రెండో చరణం టుడర్ గారు అందుకుంటారు లెండి."

రెండో చరణం! పెళ్ళికి ముందు నుంచీ ఆ చరణం ఎమ్లిన్‌ది. అందరూ ఆగిపోతారు, తనొక్కడూ ముందు వరసలోంచి ఒక అడుగు బయటికి వేసి పాడతాడు. అతని భార్య మెరెరిడ్ ఆ పాటకే పడిపోయింది. ఇప్పటికీ అది వచ్చేసరికి బల్లమీద కళ్ళు మూసుకుని వింటుంది. దాన్ని తీసుకెళ్ళి పశువుల డాక్టరు టుడర్‌కు కట్టబెడతారట! వాడి కోటు వంకీకి తగిలించినట్టుంటుంది, వాడికేం.

"దానికేముంది బాబూ, అలాగే," అన్నాడు ఎమ్లిన్ నవ్వుతూ. ఇంటికి నడిచొస్తుంటే చెవులు కాలిపోతున్నాయి. ఎవరైనా ఒక్క మాట అడిగితే ఏడ్చేసేలా ఉన్నాడు.

ఇంట్లో మెరెరిడ్ రేడియో పెట్టుకుని గిన్నెలు తోముతూ నడుం ఊపుతోంది. ఆవిడా సన్నటి మనిషి కాదు. బడిలో పిల్లలకు వంట చేస్తుంది, వండినదాన్ని ఇష్టంగా తింటుంది, నవ్విందంటే పక్కింట్లో కుక్క మొరుగుతుంది. తన ఒంటి గురించి ఆవిడకు చింతలేదు. ఉండకపోవడానికి కారణం ఎమ్లినే. చిన్నప్పుడు మెరెరిడ్‌కు వాళ్ళమ్మ రోజూ ముద్ద లెక్కపెట్టి పెట్టేదట, అద్దం ముందు నిలబెట్టి గిల్లేదట. "నా ఒంటి వంక చూసి పెదవి విరవనివాడివి నువ్వొక్కడివే," అని పెళ్ళయిన కొత్తలో చెప్పింది. ఆ తర్వాత ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ రాలేదు.

"కోటు పట్టిందా?" అని అడిగింది.

"కాస్త బిగువు," అన్నాడు.

"తీసుకురా, కుట్లు విప్పి వదులు చేస్తా."

"అందులో వదిలిన గుడ్డ లేదులే," అని పైకెళ్ళిపోయాడు. చెప్పుకుంటే పోయేది. వెనక వరసకు నెట్టారని పెళ్ళానికి చెప్పుకోవడం చేతకాలేదు పెద్దమనిషికి.

మర్నాడు మందుల షాపుకు వెళ్ళాడు. ఎమ్లిన్ గుండెలో ఒక లోహపు కవాటం ఉంది, ఆపరేషన్ చేసి పెట్టారు. దానిమీద రక్తం గడ్డ కట్టకుండా, రక్తం పలచబరిచే మాత్ర బతికున్నంతకాలం వేసుకోవాలి. అందుకే మాంసం కొట్టేటప్పుడు ఎడమచేతికి ఉక్కు తీగల తొడుగు కూడా వేసుకుంటాడు. ఆ మాత్రలు తీసుకోవడానికే వెళ్ళాడు పాపం. కానీ బల్ల పక్కన, దగ్గుమందుకీ పళ్ళపేస్టుకీ మధ్య, సన్నబడే మాత్రల డబ్బాలు పేర్చి ఉన్నాయి. చీటీ అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు. ఎమ్లిన్ చెయ్యి అటు పోయింది.

బల్ల వెనక ఉన్నది ఇద్వల్ కూతురు లౌరి. డబ్బా చూసి, ఎమ్లిన్ ముఖం చూసి, "ఇవెవరికంకుల్?" అంది.

ఆ పిల్ల మామూలుగానే అడిగింది. అడగడం దాని ఉద్యోగం. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎమ్లిన్‌కు ఆ ప్రశ్నలో ఇద్వల్ గొంతు వినబడింది. సాయంత్రానికి బృందమంతా ఏమనుకుంటుందో వినబడింది. మాంసం కొట్టువాడు సన్నబడే మాత్రలు మింగుతున్నాడటరోయ్! అంతే, నోరు దానంతటది తెరుచుకుంది.

"మీ ఆంటీకమ్మా," అన్నాడు.

"ఓ, మెరెరిడ్ ఆంటీకా? అసలైతే ఆంటీనే రావాలి. కొన్ని అడగాలి."

"మొహమాటపడుతోంది. నన్ను పంపింది."

లౌరి వెనక గదిలో ఉన్న పెద్దాయన వంక చూసింది. ఆయన చేతిలో పనితో తలూపాడు. "ఆంటీ వేరే మందులేమైనా వాడుతోందా? షుగరుకీ, థైరాయిడ్‌కీ, మూర్ఛకీ?"

"ఏమీ లేవు. గుండ్రాయిలా ఉంటుంది."

"రక్తం పలచబరిచేవి?"

"అవి నాకు కదమ్మా! ఇప్పుడు నువ్విచ్చినవేగా."

ఇద్దరూ నవ్వారు. "అవునవును. ఆ రెండూ కలవకూడదంకుల్, అందుకే అడగాలి. నీ డబ్బా, ఆంటీ డబ్బా కలిపి పెట్టుకోకండి మరి. నూనె వస్తువులు, వెన్న బాగా తగ్గించమను, లేకపోతే ఇబ్బందవుతుంది," అని రెండు డబ్బాలూ ఒకే సంచిలో వేసి ఇచ్చింది.

విన్నాడు. వినలేదనడానికి వీల్లేదు, చెవులారా విన్నాడు. దారిలో మనసుకు తానే సర్దిచెప్పుకున్నాడు. అంత ప్రమాదమైనదైతే పళ్ళపేస్టు పక్కన పెట్టి అమ్ముతారా? ఏదో పేరుకు అడుగుతారు, గ్యాస్ పొయ్యి కొన్నా ఇన్ని జాగ్రత్తలు చెబుతారు. కచేరీ దాకానేగా. డబ్బాలో ఉన్న కాగితం చదవకుండా మడిచి కొట్టు వెనక చెత్తలో పడేశాడు. మాత్రలు మసాలా డబ్బాలో పోసి, మాంసం నిలవ ఉంచే చల్లగది అరమీద దాచాడు. మెరెరిడ్ చల్లగదిలో అడుగు పెట్టదు. ఆవిడ పేరు వాడుకున్నానన్న సంగతి ఆవిడకు తెలియకూడదు, అంతే. మిగతాదంతా సర్దుకుంటుందనుకున్నాడు.

ఆ మాత్ర చేసే పని ఒకటే. మనం తిన్న కొవ్వులో కొంత ఒంటికి పట్టనివ్వకుండా బయటికి తోసేస్తుంది. బయటికంటే ఎక్కడికి? అక్కడికే. ఆ ఆదివారం మెరెరిడ్ గొర్రె తొడ కాల్చింది, దాని కొవ్వులోనే బంగాళాదుంపలు వేయించింది. ఎమ్లిన్ మాత్ర వేసుకుని మరీ ధైర్యంగా రెండోసారి వడ్డించుకున్నాడు. సాయంత్రం చాపెల్‌లో కీర్తనకు అందరూ లేచారు, తనూ లేచాడు. గొంతెత్తి పై స్థాయి అందుకోబోయేసరికి కింద ఏదో వెచ్చగా జారింది.

వేసుకున్నది లేత బూడిదరంగు ప్యాంటు. ఎమ్లిన్ పాడుతూనే ఉన్నాడు. ఆపితే అందరూ చూస్తారు. కీర్తన అయ్యాక అందరూ కూర్చున్నారు, తను కూర్చోలేదు. పాటల పుస్తకాన్ని వెనక అడ్డం పెట్టుకుని, గోడకు వీపు రాసుకుంటూ, పీతలా అడ్డంగా నడుచుకుంటూ తలుపుదాకా వెళ్ళాడు. పాస్టరు గారు ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి చూశారు. ఎమ్లిన్ ఇంటికి కూడా పోలేదు. కొట్టు తలుపు తీసుకుని, లోపల గడియ పెట్టుకుని, చొక్కాతో నిలబడి, రోజూ కత్తులు కడిగే తొట్టిలో ప్యాంటు ఉతుక్కున్నాడు. నూనె నారింజరంగులో తేలింది. ఎంత రుద్దినా మరక పోలేదు. అరవై ఏళ్ళొచ్చి, ఊళ్ళో నలుగురూ నమస్కారం పెట్టే మనిషి, చిన్నపిల్లాడిలా గుడ్డలు పాడుచేసుకుని తలుపేసుకుని ఉతుక్కుంటున్నాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అని అక్కడే నిలబడి కుమిలిపోయాడు.

"పుస్తకం నడుముకి పెట్టుకుని ఎటు పోయావు?" అంది మెరెరిడ్ రాత్రి భోజనాల దగ్గర.

"కొట్లో ఫ్రిజ్ ఆపానో లేదోనని."

"ఫ్రిజ్ ఆపుతారా ఎవరైనా?" అని నవ్వింది. పక్కింట్లో కుక్క మొరిగింది. ఎమ్లిన్ నవ్వలేకపోయాడు.

దేవుడి దయో ఏమో, ఆ తర్వాత కొన్నాళ్ళకే ఇంట్లో వంట మారింది. రొట్టె మీద వెన్న పోయింది. వేపుళ్ళు పోయాయి. ఉడికించిన చేప, ఉడికించిన దుంప, ఉడికించిన క్యాబేజీ. ఎమ్లిన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇక ప్యాంటు భయం లేదు. ఎందుకు మారిందని అడిగితే తన గుట్టు ఎక్కడ బయటపడుతుందోనని అడగలేదు. మెరెరిడ్ పళ్ళెంలో తనకన్నా తక్కువ ఉంటోందని చూశాడు. బడిలో తినొస్తోంది కాబోలు అనుకున్నాడు. పక్క ఎక్కేముందు దీపం ఆర్పేసి చీకట్లో బట్టలు మార్చుకుంటోందనీ చూశాడు. రేడియో మోగడం లేదనీ గమనించాడు. చూడటం వేరు, పట్టించుకోవడం వేరు. మనిషి తన బొజ్జనే చూసుకుంటుంటే పక్కనున్న మనిషి ఎక్కడ కనబడుతుంది?

ఒకసారి రాత్రి దీపం ఆరాక మెరెరిడ్ అడిగింది. "నాకు చెప్పాల్సిందేమైనా ఉందా ఎమ్లిన్? ఏదైనా ఇవ్వాలనుకుని, ఇవ్వడానికి మొహమాటపడుతున్నావా?"

ఎమ్లిన్ దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. "ఏమిస్తాను? పుట్టినరోజు కూడా కాదుగా నీది," అన్నాడు.

"సరేలే," అంది. అటు తిరిగి పడుకుంది.

కోటు గుండీ కాజాకు దగ్గరవుతోంది. మాత్రల వల్లో, క్యాబేజీ వల్లో, భయం వల్లో, కొంత తగ్గాడు. తిండి తగ్గించినవాడు మాత్ర లేకపోయినా అందులో చాలాభాగం తగ్గేవాడే, కానీ ఆ మాట ఎవరు చెప్పాలి? బృందంలో ఇద్వల్ ఏడిపించడం మానేశాడు. అదొక విడ్డూరం. పైగా ఒకరోజు భుజం మీద చెయ్యేసి, "మీ ఆవిడ బావుందా? మంచిది, మంచిది. ఆడవాళ్ళని ఏమీ అనకూడదురా, వాళ్ళ కష్టం వాళ్ళది," అని ఏదో సణిగాడు. తాగి మాట్లాడుతున్నాడనుకున్నాడు ఎమ్లిన్.

ఈలోగా రక్తం తన కథ తను నడుపుకుంటోంది. పళ్ళు తోముకుంటే ఉమ్మి ఎర్రగా వచ్చింది. బల్ల అంచు తగిలిన తొడ మీద బీట్‌రూట్ ముక్క అంటించినంత కమిలింది. తొడుగు లేని కుడిచేతి వేలికి ఎముక గీసుకుంటే, మధ్యాహ్నందాకా గుడ్డ మార్చి గుడ్డ కట్టాల్సి వచ్చింది. లౌరి మాట గుర్తు రాకపోలేదు. రక్తం ఎంత పలచగా ఉందో చూసే పరీక్ష కూడా ఆ వారమే. కానీ అక్కడ నర్సు తూకం ఎక్కిస్తుంది, కొత్తగా ఏమైనా మాత్రలు వేసుకుంటున్నావా అని అడుగుతుంది. ఆవిడా ఈ ఊరిదే, మెరెరిడ్‌తో కలిసి ఆదివారం చాపెల్‌లో టీ కాచేదే. ఎమ్లిన్ ఫోను చేసి, కొట్లో పనుంది, కచేరీ అయ్యాక వస్తానన్నాడు. ప్రాణం కన్నా పరువు ముఖ్యమనుకునేవాడికి ఎవరు చెప్పినా ఎక్కదు.

కచేరీ శనివారం మధ్యాహ్నం. చాపెల్ కిటకిటలాడింది. మెరెరిడ్ ఎప్పుడూ తొడిగే ఎర్ర గౌను కాకుండా నల్లది వేసుకొచ్చింది. ఎమ్లిన్ ఊపిరి బిగబట్టి గుండీ పెట్టాడు. పట్టింది! హెవిన్ చూసి చిరునవ్వు నవ్వి, వేలితో ముందు వరస చూపించాడు. టుడర్ మారు మాట్లాడకుండా పక్కకు జరిగాడు.

రెండో చరణం వచ్చింది. అందరూ ఆగారు. ఎమ్లిన్ ఒక అడుగు ముందుకు వేశాడు. గొంతు హాయిగా లేచింది, పైకప్పు దాకా వెళ్ళింది. మెరెరిడ్ కోసం చూశాడు. ఆవిడ కళ్ళు మూసుకోలేదు. తన వంకే కన్నార్పకుండా చూస్తోంది, ఆ చూపులో భయముంది. పెదవి మీద తడి తగిలింది, ఉప్పగా ఉంది. చెమటనుకుని పాడాడు. తెల్ల చొక్కా మీద ఎర్రటి చుక్క పడింది, ఇంకొకటి, తర్వాత చుక్కలు కావు, ధార. ముందు బల్లలో ఎవరో కెవ్వుమన్నారు. పాట ఆగింది. ముక్కు పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి కారింది, తల వంచితే నేల మీద పడింది. టుడరే పరిగెత్తుకొచ్చి ముక్కు గట్టిగా నొక్కిపట్టి కూర్చోబెట్టాడు. అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాడు, రక్తం ఆగలేదు.

పెద్దాసుపత్రిలో ముక్కులో గుడ్డ కూరి, చేతికి సూది గుచ్చి మంచం మీద పడుకోబెట్టారు. మెరెరిడ్ పక్కన కుర్చీలో కూర్చుంది. కుర్ర డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితంతో వచ్చింది.

"మీ రక్తం ఉండాల్సినదానికన్నా ఎంతో పలచగా ఉంది. కొత్తగా ఏమైనా మందులు మొదలుపెట్టారా?"

"లేదమ్మా," అన్నాడు ఎమ్లిన్, ముక్కు మూసుకుపోయిన గొంతుతో.

"మూలికలు? విటమిన్లు? చీటీ లేకుండా షాపులో దొరికేవి?"

"లేదు."

"బాగా ఆలోచించండి. కారణం తెలియకుండా పంపలేను. ఈసారి ముక్కులోంచి వచ్చింది కాబట్టి కనబడింది. మళ్ళీ వచ్చేది తలలో రావచ్చు. అది కనబడదు."

ఎమ్లిన్ కళ్ళు మూసుకున్నాడు. చెప్పాలి. డాక్టరమ్మకు చెప్పడానికి సిగ్గులేదు, ఎవరో ఏమిటో తెలియని పిల్ల. కానీ పక్క కుర్చీలో మెరెరిడ్ ఉంది. మాత్రలని నోరు విప్పితే, ఎక్కడ కొన్నావు, ఎవరికని చెప్పి కొన్నావు, అన్నీ వరసగా బయటికొస్తాయి. ఆవిడ టీకి లేచి వెళితే చెబుదామనుకున్నాడు.

మెరెరిడే మాట్లాడింది. ఎంత మెల్లగా అంటే డాక్టరమ్మ ముందుకు వంగాల్సి వచ్చింది.

"ఇంట్లో ఇంకొకళ్ళ మందులుంటే, పొరపాటున వేసుకున్నా ఇలా అవుతుందా అమ్మా?"

"ఏం మందులు?"

మెరెరిడ్ ముఖం, మెడ, చెవులు ఎర్రబడ్డాయి. ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ చెప్పింది. "సన్నబడే మాత్రలు. నావి. అంటే, నాకోసం ఇతను కొన్నాడు. మందుల షాపులో పిల్ల అడిగింది నన్ను, ఆంటీ మాత్రలు పడుతున్నాయా, వెన్న మానేశావా అని. నలుగురు ఉన్నారప్పుడు. నాకింకా ఇవ్వలేదు. నా మనసు నొచ్చుకుంటుందని ఎక్కడో దాచి ఉంటాడు. ఇతనిది మంచి మనసు. కళ్ళద్దాలు పెట్టుకోకుండా, తన మాత్రలనుకుని అవి వేసుకున్నాడేమోనని..."

డాక్టరమ్మ ఎమ్లిన్ వంక తిరిగింది. "అలా జరిగి ఉంటుందా?"

ఎంత సులువైన దారి! అవునేమో, కళ్ళు కనబడక, అని తలూపితే చాలు. వైద్యం జరుగుతుంది, ప్రాణం నిలుస్తుంది, పరువూ నిలుస్తుంది. తలుపు మెరెరిడే తీసి పట్టుకుంది. ఎమ్లిన్ తలూపబోయాడు, ఆ సంగతి దాచి లాభం లేదు, ఊపబోయాడు. అప్పుడు ఆవిడ చేతి మీద చూపు పడింది. పెళ్ళి ఉంగరం జారిపోకుండా వెనక దారం చుట్టి ఉంది. తనకు కోటు గుండీ పట్టిందని మురిసిపోయాడు గానీ, ఇంట్లో తనకన్నా ఎక్కువ చిక్కిపోయింది ఆవిడ. మాత్ర ముఖం కూడా చూడకుండా, మొగుడికి తన ఒళ్ళు నచ్చడం లేదన్న ఒక్క మాట మింగి చిక్కిపోయింది.

"పొరపాటు కాదు," అన్నాడు. "నావే. రోజూ వేసుకున్నాను. తెలిసే వేసుకున్నాను. ఆవిడకని అబద్ధం చెప్పి కొన్నాను."

డాక్టరమ్మ ఎంతసేపటికీ తిట్టలేదు. తిడితే బావుండేదనిపించింది ఎమ్లిన్‌కు. "ఆ మాత్రలు కొవ్వుతో పాటు విటమిన్ కె ని కూడా బయటికి తోసేస్తాయి. రక్తం గడ్డకట్టాలంటే అది కావాలి. మీరు వేసుకునే మందు దాన్ని ముందే అణిచిపెడుతుంది. రెండూ కలిస్తే ఇంతే. వేరే మందుల్లేనివాళ్ళు, చెప్పినట్టు వాడితే కొంచెం సాయపడతాయేమో గానీ, మీకు కాదు. మీకని చెప్పి ఉంటే షాపులోనే వద్దనేవాళ్ళు," అని సూదిమందు రాయడానికి వెళ్ళింది.

మెరెరిడ్ వేలికున్న ఉంగరం తిప్పుకుంది. తర్వాత, "అయితే నేను లావైపోయానని నువ్వనుకోలేదా?" అంది.

"ఎప్పుడూ అనుకోలేదు. ఒట్టు. నాకా మాటే తట్టలేదు."

"అనుకోలేదు. కానీ ఊరికి చెప్పావు."

ఎమ్లిన్ ఏదో అనబోయాడు, ముక్కులో గుడ్డ అడ్డొచ్చి గొంతులో గురగుర మాత్రం వచ్చింది.

"మా అమ్మ అయితే నా ఎదుటే గిల్లేది," అంది మెరెరిడ్. "రోజూ ఎదురుచూశాను తెలుసా? ఇవాళిస్తాడు, ఇవాళిస్తాడు అని. ఇచ్చి, ఫలానా అని ఒక్క మాట అనేస్తే ఏడ్చి ఊరుకుందామనుకున్నా. నువ్వేమో హాయిగా ఆ ఉడికిన చేప తిని, బావుందోయ్ అనేవాడివి."

అప్పుడే తలుపు తోసుకుని ఇద్వల్, హెవిన్ వచ్చారు. ఇంకా ఆకుపచ్చ కోట్లలోనే ఉన్నారు. ఇద్వల్ చేతిలో చాపెల్ బల్ల మీది పూలు, కుండీతో సహా.

"బతికే ఉన్నావురా! చాపెల్ అంతా పంది కోసినట్టు చేశావు గదరా," అన్నాడు ఇద్వల్. "ఏమైందిట?"

మెరెరిడ్ ఎమ్లిన్ వంక చూడలేదు. పూలను చూస్తోంది. ఎమ్లిన్‌కు అబద్ధం నోటిదాకా వచ్చింది. రక్తం మాత్ర ఒకటి ఎక్కువైందిరా. ఎంత చిన్నమాట! ఎవరికి నష్టం? మింగాడు దాన్ని.

"సన్నబడే మాత్రలు మింగానురా. గుండీ పట్టాలని. మీ లౌరి దగ్గరే కొన్నాను, మెరెరిడ్‌కని చెప్పి. ఆవిడకేమీ తెలియదు. ఆవిడ ఎప్పుడూ వేసుకోలేదు, అడగలేదు."

ఇద్వల్ నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ నోట్లోంచి ఎకసెక్కం రాలేదు. హెవిన్ తన కోటు గుండీ ఊడదీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఇద్దరూ మెరెరిడ్ ముఖం తప్ప గదిలో అన్నీ చూస్తున్నారు. ఊళ్ళో అందరికీ తెలుసన్నమాట. ఇద్వల్ ఆరోజు భుజం మీద వేసిన చెయ్యి జాలితో వేసింది. తాను సన్నబడుతున్నానని మురిసిన ప్రతిరోజూ, ఆవిడ కొట్లకు వెళ్ళి, బడికి వెళ్ళి, చాపెల్‌లో టీ పోసి, ఆ జాలిచూపుల మధ్య తిరిగింది. భూమి నోరు తెరిచి మింగేస్తే బావుండుననిపించింది ఎమ్లిన్‌కు. ఆసుపత్రి మంచానికి ఆ సదుపాయం లేదు.

"నవ్వండి బాబూ," అంది మెరెరిడ్. "నాదనుకున్నప్పుడు నవ్వారుగా."

ఇద్వల్ పూలకుండీని మంచం పక్క బల్ల మీద దించాడు.

మెరెరిడ్ లేచి కోటు తొడుక్కుంది. గుండీలన్నీ పెట్టుకుంది, నిదానంగా. "ఇద్వల్, నన్ను ఇంటిదగ్గర దింపుతావా? దారిలో వేయించిన చేపలమ్మే కొట్టు తెరిచి ఉంటే ఒక్క నిమిషం ఆపు. ఆకలేస్తోంది," అంది. "చాలా ఆకలేస్తోందయ్యా."

ఉండమని అడగాలనుంది ఎమ్లిన్‌కు. అడిగే ముఖం లేదు. మెరెరిడ్ తలుపు దగ్గర ఆగింది, వెనక్కి మాత్రం తిరగలేదు.

"రేపొస్తాను," అని వెళ్ళిపోయింది.